అడిగి పోసిన నీళ్లు

గూడూరు పక్కన ఒక పల్లె. ఆ పల్లెలో ఒక పెద్దాయనకి నాలుగెకరాల నిమ్మతోట ఉండేది. ఆ వైపు నిమ్మ ధర చూసుకునే పెళ్లి ముహూర్తాలు పెట్టుకునేవాళ్లు ఉన్నారు. వేసవిలో ధర లేస్తే పిల్ల పెళ్లి, పడిపోతే వచ్చే ఏటికి వాయిదా. అలాంటి చోట పుట్టి, నిమ్మముల్లు గీరని చోటు ఒంటిమీద లేకుండా బతికిన ఆ మనిషి, ఇల్లాలు పోయాక, మోకాళ్లు మొండికేశాక, తోట కౌలుకిచ్చి హైదరాబాదులో కొడుకుల దగ్గరికి చేరాడు.

కొడుకులిద్దరిదీ ఒకే అపార్టుమెంటు. పెద్దవాడు మూడో అంతస్తు, చిన్నవాడు ఐదో అంతస్తు. పెద్దాయనకి నెల కింద, నెల పైన.

పెద్దకోడలికి పెట్టే చెయ్యి. మామగారు కూర్చుంటే కాఫీ, లేస్తే మజ్జిగ. రెండో దోసె వద్దంటే మూడోది కూడా వేసేది. "మొహమాటపడకండి మామయ్యా" అనేది. చిన్నకోడలు ఉద్యోగస్థురాలు. మనసు మంచిదే గానీ మనిషి ఇంట్లో ఉండదు. "ఫ్రిజ్‌లో అన్నీ ఉన్నాయి మామయ్యా" అని గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ చెప్పి లిఫ్టు ఎక్కేసేది. మూడో అంతస్తులో పెద్దాయనకి అరిగేది కాదు. ఐదో అంతస్తులో ఆకలి తీరేది కాదు. ఆ ఫ్రిజ్‌లో ఏ గిన్నెలో ఏముందో వెతుక్కోవడం ఆయనకి చేతకాలేదు. ఆ సంగతి ఇద్దరిలో ఎవరికీ చెప్పలేదు.

రథసప్తమి వెళ్లిన ఆదివారం పెద్దకోడలు నిమ్మకాయ పులిహోర కలుపుతోంది. పిండిన కాయల గింజలు టీ జల్లెడలో మిగిలాయి. చెత్తబుట్టలో దులపబోతుంటే పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"పారెయ్యబాకమ్మా. ఇట్టా ఇయ్యి."

కత్తి తగలని, బాగా లావెక్కిన గింజలు అయిదు ఏరాడు. నీళ్లలో వేసి, పైన జారుడుగా ఉన్న జిగురు పోయేదాకా వేళ్ల మధ్య రుద్దాడు.

"ఎండలో పెట్టనా మామయ్యా?"

"వడ్లో కందులో అయితే ఎండబెట్టి దాచుకోవచ్చు. నిమ్మగింజ ఎండితే చస్తుంది. తడి ఆరకముందే మట్టిలో పడాల."

పెరుగు డబ్బా అడుగున కాల్చిన స్క్రూడ్రైవరుతో నాలుగు చిల్లులు పొడిచాడు. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు. గింజల్ని అర అంగుళం లోతున పెట్టి, పైన ప్లాస్టిక్ కవరు కట్టి, దానికి పిన్నీసుతో బెజ్జాలు చేసి, వెచ్చగా ఉంటుందని ఫ్రిజ్ నెత్తిన పెట్టాడు. మనవడు రోజుకి పదిసార్లు స్టూలెక్కి చూశాడు. పద్దెనిమిదో రోజున మట్టి పగిలింది. మిగతా నాలుగు గింజలూ రాలేదు. వచ్చిన ఒక్క గింజలోంచి మాత్రం రెండు మొలకలు, కవల పిల్లల్లా ఒకదాన్నొకటి ఆనుకుని లేచాయి.

"ఒక్క గింజకి రెండు చెట్లేంటి తాతయ్యా?"

"నిమ్మకి ఆ వరం ఉందిరా అబ్బయా. ఒక్క గింజలో రెండు మూడు మొలకలు దాచుకుంటుంది. వాటిలో తల్లీతండ్రీ కలిస్తే పుట్టేది ఒకటి ఉంటే ఉంటుంది. తక్కినవి అచ్చం తల్లి ఒంట్లోంచి వచ్చినవే, తల్లి పోలికే. అందుకే మా ఊళ్లో అంటు లేకుండా గింజ నాటినా తోట మొత్తం ఒకటే కాయ కాస్తుంది."

నాలుగేసి ఆకులు వచ్చాక వేళ్లు తెగకుండా విడదీసి, రెండు చిన్న కుండీల్లో పెట్టి, ఇద్దరు కోడళ్లకీ చెరొకటి ఇచ్చాడు. "ఒకటే గింజ, ఒకటే మట్టి, ఒకటే వయసు. ఇంకంతా మీ చేతి చలవ" అన్నాడు. రెండిళ్లలోనూ బాల్కనీలకి అద్దాలు బిగించి గదులు చేసుకున్నారు. అందుకని ఆ చెట్లు ఇంట్లోనే పెరగాలి.

ఇంతలో కౌలుదారుతో తగాదా వచ్చి పెద్దాయన ఊరికి వెళ్లాడు. వానాకాలం, చలికాలం అక్కడే గడిచిపోయాయి. మళ్లీ ఉగాదికి వచ్చాడు.

మూడో అంతస్తులో మొక్క టీవీ పక్కన, పింగాణీ కుండీలో ఉంది. కుండీ మీద నెమలి బొమ్మ, దాని అడుగున చిల్లు లేదు. పెద్దకోడలు పొద్దున పూజ కాగానే ఒక చెంబు, సాయంత్రం దీపం పెట్టాక ఒక చెంబు పోసింది. కింది ఆకులు పచ్చబడి రాలడం మొదలైతే దాహమనుకుని మధ్యాహ్నం కూడా పోసింది. అప్పటికీ కోలుకోకపోతే బలం చాలలేదని చెంచాడు యూరియా చల్లింది. పొడుగ్గా సాగుతోంది, గుబురుగా రావాలని చివర తుంచింది. మళ్లీ చిగురిస్తే మళ్లీ తుంచింది. పెద్దాయన వంగి చూశాడు. మట్టి మీద పాకుడు. సన్న నల్లటి దోమలు లేచాయి. మురుగు కాలవ దగ్గర వచ్చే వాసన వచ్చింది.

"రోజూ చూసుకుంటూనే ఉన్నాను మామయ్యా. కన్నబిడ్డలా చూశాను." పెద్దకోడలి గొంతు పూడుకుపోయింది.

ఐదో అంతస్తులో మొక్క దక్షిణపు కిటికీలో ఉంది. వెలుతురుకి లోటు లేదు, కుండీకి చిల్లులు ఉన్నాయి. నీళ్లు మాత్రం చిన్నకోడలికి గుర్తొచ్చిన రోజే. మట్టి కుండీ అంచు వదిలి లోపలికి ముడుచుకుంది. ఒకవైపు అద్దం వేడి, ఇంకోవైపు ఏసీ గాలి. ఆకులు దోనెల్లా ముడుచుకుని, మీద సూదితో గుచ్చినట్టు తెల్లటి చుక్కలు. ఒక ఆకు తిప్పి చూస్తే అడుగున సన్నటి బూజు, దానిలో కంటికి ఆనీ ఆనని ఎర్రనల్లి.

"నాకు అంత తీరికెక్కడిది మామయ్యా? నిమ్మ మొండి చెట్టు, దానంతటదే బతుకుతుందిలే అనుకున్నా." చిన్నకోడలు తల దించుకుంది.

పెద్దాయన ఇద్దర్నీ ఏమీ అనలేదు. కింది మొక్కని కుండీలోంచి తీశాడు. వేళ్లు సగం గోధుమరంగుకి తిరిగి, పట్టుకుంటే తోలు ఊడి నారలా మిగిలాయి. కుళ్లిన వేళ్లని కత్తిరించి, చిల్లులున్న మట్టికుండీలో కొత్త మట్టి పోసి నాటాడు. పై మొక్కకి పైనుంచి నీళ్లు పోస్తే ఎండిన మట్టి పీల్చుకోలేదు, అంచుల్లోంచి జారిపోయాయి. అందుకని కుండీని బకెట్ నీళ్లలో ముంచి, బుడగలు ఆగేదాకా ఉంచాడు. తడిగుడ్డతో ప్రతి ఆకూ అడుగుపక్క తుడిచాడు.

"ఇప్పుడు మొక్కలు మార్చుకోండి" అన్నాడు. కింది మొక్క పైకి వెళ్లింది, పై మొక్క కిందికి వచ్చింది.

మూడు నెలలు తిరిగేసరికి రెండూ చిగుర్లు వేశాయి. మునిగిపోయిన మొక్కకి చిన్నకోడలి మతిమరుపు మందైంది. ఎండిపోయిన మొక్కకి పెద్దకోడలి చెంబు అమృతమైంది. ఇద్దరి ముఖాలూ వెలిగిపోయాయి. "చూశావా చెల్లీ, నీ దగ్గర చచ్చేది నా చేతిలో ఎలా లేచిందో!" అని పెద్దది. "మీ మొక్కకి నా కిటికీ కావాల్సొచ్చిందక్కా" అని చిన్నది. పెద్దాయన నవ్వి ఊరుకున్నాడు.

ఇంకో రెండు నెలలకి పెద్దకోడలి కొత్త మొక్కకి కింది ఆకులు పచ్చబడ్డాయి. చిన్నకోడలి కొత్త మొక్కకి ఆకులు దోనెలయ్యాయి. జబ్బులు కూడా అంతస్తులు మారాయి.

ఆ రాత్రి భోజనాలయ్యాక పెద్దాయన ఇద్దర్నీ కూర్చోబెట్టాడు.

"మా తోటకి కరెంటు మోటారు వచ్చిన ఏడు చెప్తా వినండి. అంతకుముందు బావిలోంచి ఎద్దులతో తోడిన నీళ్లు. చెట్టుకి ఇంతని కొలిచి పోసేవోళ్లం. మోటారు రాగానే మీట నొక్కితే చాలు, కాలవ నిండా నీళ్లు. పేదరికం తీరినోడి చెయ్యి ఆగుతుందా? చెట్ల మొదుళ్లకే మడి కట్టి పారించినా. కొన్నాళ్లకి మొదుట్లో బెరడు పగిలి బంక కారింది. ఆకు పచ్చబడింది. దాహమేసిందేమో అని ఇంకా పారించినా. నలభై చెట్లు పోయినాయమ్మా. కాసే చెట్లు! నేను ఎండబెట్టి చంపలా, పోసి పోసి చంపినా. ఆ తర్వాత వ్యవసాయ శాఖాయన వచ్చి, ప్రతి చెట్టు చుట్టూ రెండు కట్టలు వేయించినాడు. లోపలి కట్ట మొదుటికి తడి తగలకుండా, రెండు కట్టల నడిమిన నీళ్లు. వేరుకి నీళ్లు కావాల, మొదుటికి గాలి కావాల."

"మరి నేను పోయకుండా ఎండగట్టాను కదా మామయ్యా?" అంది చిన్నకోడలు.

"ఎండగట్టడం కూడా తెలిసి చేస్తే వైద్యమే. పూత కావాలంటే మేమే నీళ్లు ఆపి చెట్టుని బెట్టకి తెస్తాం. ఆకు వాడేది చూసి మళ్లీ కడతాం. నువ్వు ఆపింది చూసి కాదు కదమ్మా, మరిచిపోయి." ఆగి అన్నాడు. "మీ ఇద్దరిదీ ఒకటే తప్పు. ఆమె అడక్కుండా పోసింది. నువ్వు అడక్కుండా మానేసినావు. చెట్టుని ఎవరూ అడగలా."

"చెట్టుని ఎలా అడుగుతాం తాతయ్యా?" అన్నాడు మనవడు.

పెద్దాయన వాడి చూపుడువేలు పట్టుకుని కుండీ మట్టిలో రెండు కణుపుల లోతు దించాడు. "చల్లగా, వేలికి మట్టి అంటితే 'ఇప్పుడొద్దు' అంటోంది. పొడిగా రాలితే 'తెండి' అంటోంది. తెమ్మన్నప్పుడు అడుగు చిల్లుల్లోంచి కారేదాకా నిండుగా పొయ్యి. కింద పళ్లెంలో నిలిచింది పారబొయ్యి. వద్దన్నప్పుడు చెంబు పక్కన పెట్టు. అంతే."

మర్నాడు పొద్దున పెద్దకోడలు అలవాటు చొప్పున కాఫీ గ్లాసుతో వచ్చింది. బల్ల మీద పెట్టబోయి ఆగింది. ఏం తోచిందో, గ్లాసు చేతిలోనే పట్టుకుని నిలబడింది.

"మామయ్యా, కాఫీ తాగుతారా?"

ఆ ఇంటికి వచ్చాక ఆయన్ని ఆ మాట ఎవరూ అడగలేదు. పెద్దాయన కాసేపు మాట్లాడలేదు.

"వద్దమ్మా. వేడి చేస్తుంది. తీరికుంటే కిందికి తీసకపోతావా? చెప్పులు లేకుండా కాసేపు మట్టిలో నడవాలని ఉంది."

ఆ మధ్యాహ్నం ఆఫీసు నుంచి చిన్నకోడలి ఫోను. "మామయ్యా, తిన్నారా?"

ఎప్పుడూ "ఆఁ, తిన్నా" అనే పెద్దాయన ఈసారి నిజం చెప్పాడు. "లేదమ్మా. ఏ గిన్నెలో ఏముందో తెలియడం లా."

తర్వాత వాళ్లు మొక్కలు మళ్లీ మార్చుకోలేదు. పెద్దకోడలు తన మొక్కని టీవీ పక్కనుంచి తూర్పు కిటికీకి జరిపింది. వెలుతురు వైపే వంగిపోకుండా వారానికోసారి కుండీని కాస్త తిప్పేది. వేర్లు చిల్లుల్లోంచి తొంగిచూసినప్పుడు ఒక్క సైజు పెద్ద కుండీకే మార్చేవాళ్లు, ఏకంగా తొట్టిలోకి కాదు. వేర్లు అందుకోలేనంత మట్టి ఉంటే అక్కడి తడి ఆరక కుళ్లు మళ్లీ మొదలవుతుంది. లేత ఆకులు పచ్చబడి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలితే నీళ్ల లోటు కాదని, ఇనుము అందడం లేదని నేర్చుకున్నారు. ఒకసారి ఆకుల మీద పిట్టరెట్ట ఉందని మనవడు తుడవబోతే అది కదిలింది. సీతాకోకచిలుక పురుగు! ఎప్పుడో తెరిచిన కిటికీలోంచి తల్లి సీతాకోకచిలుక వచ్చి గుడ్లు పెట్టిపోయింది. మందు కొడదామన్న కొడుకుతో పెద్దాయన "ఎన్నున్నాయో చూసినావా?" అన్నాడు. లెక్కపెడితే మూడు. వాటిని ఆకుతో సహా తీసుకెళ్లి కింద కరివేప చెట్టు మీద వదిలాడు మనవడు.

అయిదో ఏట పెద్దకోడలి చెట్టు మొగ్గేసింది. హాలంతా వాసన. అద్దాల ఇంట్లోకి తేనెటీగ రావడం అరుదు కాబట్టి మనవడు డ్రాయింగు కుంచెతో ఒక్కో పువ్వునీ తట్టాడు. నిమ్మ తన పుప్పొడితో తనే కాయగలదు, కాస్త కదిలిస్తే చాలు. ముప్ఫై పూలకి పదకొండు పిందెలు, పదకొండింటికి నాలుగు కాయలు నిలిచాయి. రాలిన పిందెలు చూసి పెద్దకోడలు కంగారుపడలేదు. మొయ్యగలిగినన్నే చెట్టు ఉంచుకుంటుందని మామగారు చెప్పారు.

చిన్నకోడలి చెట్టు ఆ ఏడూ పూయలేదు, మరుసటేడూ పూయలేదు. మూడో అంతస్తులో ఉన్నప్పుడు చివర తుంచుకున్నది అదే. గింజచెట్టు కొమ్మ సాగి సాగి, కణుపు మీద కణుపు వేసుకుంటూ పోయి, వయసు నిండాకే పూస్తుంది. తుంచిన ప్రతిసారీ ఆ ప్రయాణం కొంత వెనక్కి పోతుంది. నీళ్ల తప్పు మూడు నెలల్లో దిద్దుకుంది. తుంచిన తప్పుకి రెండేళ్లు పట్టింది. ఏడో ఏట అదీ పూసింది.

నీతి: అడక్కుండా ఇచ్చేది మన తృప్తి కోసం, అడక్కుండా మానేది మన సుఖం కోసం. అడిగి ఇచ్చేదే సేవ.

ఈ కథలో పెద్దకోడలు చెడ్డది కాదు, చిన్నకోడలు చెడ్డది కాదు. ఇద్దరికీ ప్రేమ ఉంది. అయినా ఒకరి చేతిలో మొక్క మునిగింది, ఒకరి చేతిలో ఎండింది. ఎక్కువ చేయడానికీ తక్కువ చేయడానికీ నడుమ మధ్యేమార్గం పట్టుకుంటే సరిపోతుందని మనం అనుకుంటాం. రోజుకి అరచెంబు అని లెక్క కట్టుకుంటాం. ఆ లెక్క కూడా చెట్టుని అడిగి కట్టింది కాదు. మే నెలలో రెండు రోజులకే ఆరే మట్టి శ్రావణంలో వారమైనా ఆరదు. నిన్న సరిపోయినంత నేడు ఎక్కువ కావచ్చు. అందుకే వేలు పెట్టి చూడటానికి మారుగా ఏ లెక్కా పనికిరాదు.

ఇంకో చిక్కుంది. నీళ్లెక్కువైన మొక్కా, తక్కువైన మొక్కా చూడటానికి ఒకేలా వాడతాయి. కుళ్లిన వేరు నీళ్లలో ఉండి కూడా తాగలేదు. పైన ఆకుని మాత్రమే చూసేవాడు దాహమనుకుని చెంబు ఎత్తుతాడు. ఎత్తిన ప్రతి చెంబూ ఇంకాస్త చంపుతుంది. మనుషుల్లోనూ అంతే. ముభావంగా కూర్చున్న పిల్లవాడికి ఇంకో ట్యూషను పెడతాం. పలకరిస్తే ముక్తసరిగా జవాబిచ్చే అమ్మకి కొత్త ఫోను కొంటాం. వాడికి కావలసింది ఒక గంట ఆట కావచ్చు, ఆమెకి కావలసింది ఒక గంట మాట కావచ్చు. వాడిన ముఖం చూసి కారణం మనమే తేల్చేసుకోవడం చిల్లులేని కుండీలో నీళ్లు పొయ్యడం లాంటిదే.

తోటలోంచి తెచ్చి అపార్టుమెంటు కిటికీలో పెట్టిన చెట్టు తనకేం కావాలో నోరు తెరిచి చెప్పదు. పల్లెలోంచి తెచ్చి మూడో అంతస్తులో కూర్చోబెట్టిన పెద్దవాళ్లు కూడా చాలామంది చెప్పరు. ఎండ కావాలనీ, మట్టి కావాలనీ వాళ్లంతట వాళ్లు అడగరు. అడిగితే మాత్రం చెప్తారు.

మీ ఇంట్లో కుండీ ఉంటే రేపు పొద్దున నీళ్లు పోసే ముందు రెండు కణుపుల లోతు వేలు పెట్టి చూడండి. తడి తగిలితే చెంబు పక్కన పెట్టేయండి. మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే, కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టే ముందు ఒక్కసారి అడగండి. జవాబు వినడానికి కాసేపు అక్కడే నిలబడండి.